హార్మోనియం ఎప్పుడు చెడ్డదైంది?



మొదట నెత్తిన పెట్టుకున్నదాన్నే, పదిమంది చేతుల్లో పడ్డాక చౌకబారు అని ఎందుకంటారు? దీనికి ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: "జనంలోకి వెళ్తే నాణ్యత పోతుంది." ఈ జవాబు ఎంతవరకు నిజమో ఇవాళ ఒక పెట్టె చరిత్రతో చూద్దాం. మన వాడల్లో దాన్ని హార్మోనీ పెట్టె అంటాం.

1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియోలో హార్మోనియం వాయించడానికి వీల్లేదన్నారు. ఆ నిషేధం 1971 దాకా నడిచింది. ముప్పై ఏళ్లకు పైమాటే. పెట్టింది బ్రిటిష్ వాళ్ల కాలంలో, కొనసాగించింది స్వతంత్ర ప్రభుత్వం. ఈ మధ్యలో రాజ్యాంగం వచ్చింది. అంటరానితనాన్ని రద్దు చేస్తూ 17వ అధికరణం వచ్చింది. ఆ పెట్టె మాత్రం రేడియో స్టేషన్ గడప బయటే ఉండిపోయింది.

ఏం నేరం చేసింది? చెప్పిన కారణాలు రెండు. ఒకటి, అది విదేశీ వాయిద్యం. రెండు, మన సంగీతానికి పనికిరాదు.

రెండోది ముందు చూద్దాం, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. హార్మోనియంలో ప్రతి స్వరానికీ ఒక రీడు ఉంటుంది. ఆ రీడు ఏ శ్రుతిలో పలకాలో తయారీలోనే ఖాయమైపోతుంది. గొంతు, వీణ, ఫిడేలు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారగలవు, ఊగగలవు. రీడు జారదు. కాబట్టి గమకం పలకదు. ఈ లోపం ఉన్న మాట వాస్తవం. సంగీతం తెలిసినవాళ్లు ఈ మాట అన్నంత మాత్రాన వాళ్లను తప్పుపట్టాల్సిన పనిలేదు.

కానీ ఒక చిన్న ప్రశ్న. ఆ లోపం పెట్టెలో ఎప్పటినుంచి ఉంది? పుట్టిన రోజునుంచీ ఉంది. మరి మొదటిరోజే ఎందుకు తరిమేయలేదు?

ఈ వాయిద్యం 1840ల్లో ప్యారిస్‌లో పుట్టింది. మన దేశానికి తెల్లవాళ్ల ఇళ్లకు, మిషన్ చర్చీలకు, సంస్థానాలకు వచ్చింది. అప్పుడది కుర్చీలో కూర్చుని, కాళ్లతో గాలి కొడుతూ, రెండు చేతులతో వాయించే బరువైన సామాను. ఖరీదు కూడా ఎక్కువే. 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని మార్చాడు. కింద కూర్చుని ఒక చేత్తో తిత్తి కొడుతూ, ఇంకో చేత్తో మెట్లు నొక్కేలా చిన్న పెట్టె చేశాడు. ఇక్కడే తయారు కావడంతో ధర దిగింది. ఎడ్లబండి మీద వేసుకుపోవచ్చు. వానకు, ఎండకు వీణలాగా గారాలు పోదు. ప్రతిసారీ శ్రుతి చేయక్కర్లేదు. గురువు ఇంట్లో పన్నెండేళ్లు ఊడిగం చేయకుండానే ఒక కుర్రాడు రెండు మూడు నెలల్లో పాటకు సాయం వాయించగలడు.

ఆ చివరి వాక్యం మళ్లీ చదవండి. కథంతా అక్కడే ఉంది.

వీణ నేర్చుకోవాలంటే గురువు కావాలి. ఆ గురువు మనల్ని గడపలోకి రానివ్వాలి. హార్మోనియానికి ఆ గడప అక్కర్లేదు. పెట్టె దొరికితే చాలు. 1878లో ఒంగోలు ప్రాంతంలో మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. అలాంటి ఊళ్లలో తర్వాత లేచిన ప్రార్థన మందిరాల్లోకి క్రమంగా ఈ పెట్టె వచ్చింది. అటు భజన గుళ్లలోకి వచ్చింది. అన్నిటికంటే పెద్ద ఎత్తున నాటకాల్లోకి వచ్చింది.

నాటకం సంగతి మన తెలుగువాళ్లకు ప్రత్యేకం, ఎందుకంటే ఇక్కడ పెట్టెతో పాటు పద్యం కూడా చేతులు మారింది. వందల ఏళ్లు పద్యం రాజుల కొలువులో, అగ్రహారంలో ఉంది. శార్దూలం, మత్తేభం, సీసం వినాలన్నా ఒక అర్హత కావాలి. 1880ల్లో బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకాలు మొదలుపెట్టాడు. అదే కాలంలో కడప జిల్లా సురభి కుటుంబాలు రంగస్థలానికి వచ్చాయి. తర్వాత తిరుపతి వేంకటకవుల పాండవ నాటకాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకం ఊరూరా తిరిగాయి. పందిరి కింద పెట్రోమాక్స్ లైటు, ఒక పక్క హార్మోనిస్టు, తెల్లవార్లూ పద్యాలు. దూరంగా కూర్చోబెట్టారు నిజమే. కానీ శబ్దానికి కంచె వేయలేరు కదా. విన్నవాళ్లు నేర్చుకున్నారు. ఊరికి హార్మోనీ మాస్టారును పిలిపించుకుని, పంట డబ్బులు పోగేసి, వాడల్లోనే నాటకాలు కట్టారు. ఛందస్సు పేరు తెలియని కూలీ, గణం తప్పకుండా వంద పద్యాలు పాడాడు.

సరిగ్గా ఈ దశలోనే పద్య నాటకం మీద పెద్దల మొహం మారింది. రాగాలు సాగదీస్తున్నారన్నారు. రసం పోయిందన్నారు. "వన్స్ మోర్" అనగానే చచ్చిన పాత్ర లేచి మళ్లీ పాడుతుందని నవ్వారు. ఇందులోనూ కొన్ని నిజాలున్నాయి. కానీ ఆలాపన సాగదీయడం కచేరీలో విద్వత్తు అయినప్పుడు, పందిట్లో అదే పని మొరటుతనం ఎలా అయింది?

ఈ కథలో జాషువా నిలబడ్డ చోటు గమనించండి. 1895లో వినుకొండలో పుట్టిన మనిషి. పద్యాన్ని పట్టుదలతో సాధించాడు. శ్మశానం మీద ఆయన రాసిన పద్యాలను నటులు తెచ్చి హరిశ్చంద్ర నాటకంలో కాటిసీనులో కలుపుకున్నారు. అవి లేకుండా ఆ సీను లేదన్నంతగా స్థిరపడ్డాయి. రాసింది ఎవరో తెలియకుండానే లక్షల మంది విన్నారు. ఒక అంటరాని కవి పద్యం, రాజు కాటికాపరిగా నిలబడ్డ చోట, ఊరంతా కంటతడి పెట్టే చోట చేరింది. గబ్బిలం వచ్చింది 1941లో. అప్పటికే సాహిత్యంలో కొత్త గాలి వీస్తోంది, పద్యానికి కాలం చెల్లిందనే మాట బలపడుతోంది. జాషువా మీద కక్షతో శ్రీశ్రీ ఛందస్సు వదిలాడని నేననడం లేదు. ఆయన కారణాలు ఆయనకున్నాయి, ఆ కవిత్వం మనకూ పనికొచ్చింది. నేను చెప్పేది కాలం సంగతి. తలుపు తెరుచుకుని మనం లోపలికి అడుగుపెట్టేసరికి, లోపలివాళ్లు ఇల్లు మారుతున్నారు.

ఎందుకిలా జరుగుతుందో అర్థం చేసుకోవడానికి బాబాసాహెబ్ దగ్గరికి వెళ్దాం. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో, పాతికేళ్ల వయసులో, భారతదేశంలో కులాల గురించి ఆయన ఒక పత్రం చదివారు. కులం ఎలా వ్యాపించిందో వివరిస్తూ ఫ్రెంచి సామాజికవేత్త గాబ్రియేల్ టార్డ్ చెప్పిన అనుకరణ సూత్రాలను వాడుకున్నారు. అనుకరణ పైనుంచి కిందికి పారుతుంది. పైవాడికి గౌరవం ఉండాలి, కిందివాడికి అతను రోజూ కనిపించేంత దగ్గరగా ఉండాలి. ఈ రెండూ ఉంటే అనుకరణ జరిగి తీరుతుంది. ఒక వర్గం తన తలుపు మూసుకుంది, మిగతావాళ్లు దాన్ని చూసి తామూ మూసుకున్నారు, కొందరికి తమ మొహం మీదే తలుపులు మూసుకుపోయాయి. ఎం.ఎన్. శ్రీనివాస్ సంస్కృతీకరణ గురించి పుస్తకం రాసింది 1952లో. అంటే బాబాసాహెబ్ తర్వాత 36 ఏళ్లకు. మన సిలబస్‌లలో ఎవరి పేరు ముందుంటుందో మీకు తెలుసు.

ఇక్కడినుంచి ఒక అడుగు ముందుకేద్దాం. అనుకరణ కిందిదాకా చేరాక ఏమవుతుంది? ఒక వస్తువు "మేము మీకంటే వేరు" అని చెప్పడానికి పనికొచ్చినంత కాలం దానికి విలువ. అందరి దగ్గరా ఉంటే ఆ పని చేయదు. అప్పుడు పైవాడికి రెండే దార్లు. కిందివాణ్ని ఆపాలి, లేదా తాను ఆ వస్తువును వదలాలి. జర్మన్ సామాజికవేత్త గియోర్గ్ సిమ్మెల్ 1904లో ఫ్యాషన్ గురించి ఇదే చెప్పాడు. కింది తరగతి అందుకోగానే పై తరగతి వదిలేసి కొత్తదానికి వెళ్తుందని. ఐరోపాలో అది బట్టల సంగతి. మన దగ్గర దానికి కులం తోడైంది. ఇక్కడ వదిలేయడంతో సరిపెట్టరు, వదిలినదాన్ని మైల అంటారు. చౌకబారు, నాటు, మాస్ అనేవి ఆ మాటకే కొత్త పేర్లు.

ఇప్పుడు హార్మోనియం మీద విమర్శల తేదీలు చూడండి. ఇంగ్లీషు సంగీత పండితుడు ఫాక్స్ స్ట్రాంగ్‌వేస్ తన పుస్తకంలో దాన్ని దుయ్యబట్టింది 1914లో. అదే కాలంలో ఆనంద కుమారస్వామి దాన్ని ఏవగించుకున్నాడు. ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీతం చూసే జాన్ ఫౌల్డ్స్ 1938లో వ్యాసం రాశాడు. 1940 జనవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ కలకత్తా రేడియోకు నిషేధాన్ని సమర్థిస్తూ లేఖ రాశాడు. ఇవన్నీ పెట్టె జనానికి చేరిన తర్వాతి మాటలు. "విదేశీ" అన్న మొదటి కారణం సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. విదేశీ అని తరిమినవాళ్లలో ఇంగ్లీషువాళ్లే ముందున్నారు. తరిమిన రేడియో యంత్రం విదేశీదే. ఫిడేలు కూడా ఐరోపాదే. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో బాలుస్వామి దీక్షితార్ లాంటివాళ్లు దాన్ని తీసుకున్నారు, ఇవాళ అది లేని కర్ణాటక కచేరీ అరుదు. ఫిడేలు గమకం పలుకుతుంది, ఒప్పుకుంటాను. దానితోపాటు, ఫిడేలు గురువు గడప దాటి మన వాడకు రాలేదన్న సంగతి కూడా ఒప్పుకోవాలి కదా.

ఎదురు ఉదాహరణ ఒకటి చెబుతాను. దేవదాసీల చేతిలో ఉన్నంత కాలం సదిర్ నాట్యం బూతు. 1935లో అడయారు దివ్యజ్ఞాన సమాజంలో రుక్మిణీదేవి ఆడాక, తర్వాత కళాక్షేత్రం వచ్చాక, అదే నాట్యానికి దగ్గరి రూపం దేశానికి గర్వకారణం. 1947 మద్రాసు చట్టం దేవదాసీ సమర్పణలను ఆపింది, ఆపాల్సిందే. కానీ ఆ చట్టంతో పాటే ఆ స్త్రీలు వేదిక దిగారు, కళ వేరేవాళ్ల చేతిలో మిగిలింది. హార్మోనియం కిందికి దిగి చెడింది, సదిర్ పైకెక్కి పవిత్రమైంది. రెండింటిలోనూ తీర్పు చెప్పింది చేతుల్ని చూసే.

పైవాళ్లు మొహం తిప్పుకుంటే జనం ఆగుతారా? ఆగరు. 1952లో సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ సినిమా పాటలు హీనమని రేడియోలో వాటిని దాదాపు లేకుండా చేశాడు. జనం మీట తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. చివరికి 1957 అక్టోబర్ 3న ప్రభుత్వమే వివిధ భారతి మొదలుపెట్టి సినిమా పాటల దగ్గరికి రావాల్సి వచ్చింది. హార్మోనియం కూడా అంతే. రేడియోలో లేని ఆ ముప్పై ఏళ్లలో మన చర్చీల్లో, భజనల్లో, పందిళ్లలో ఒక్క రాత్రి కూడా మూగబోలేదు.

అయితే నష్టం ఎక్కడ జరిగింది? మన మనసుల్లో. నా క్లాసులో ఒక విద్యార్థి ఉండేవాడు. నాన్న ఏం చేస్తారంటే కూలి అన్నాడు. చాలాకాలం తర్వాత ఇంకెవరో చెబితే తెలిసింది, ఆ తండ్రి చుట్టుపక్కల పది ఊళ్లలో పేరున్న నక్షత్రకుడు అని. "ఎందుకు చెప్పలేదురా?" అంటే, "అది కూడా సాహిత్యమేనా సార్, నవ్వుతారనుకున్నా" అన్నాడు. మా సిలబస్‌లో నాటక సాహిత్యం అని ఒక పేపరుంది. అందులో నాటకం రాసినవాళ్లున్నారు. దాన్ని డెబ్బై ఏళ్లు బతికించిన ఆ తండ్రిలాంటివాళ్లు లేరు.

ఇప్పుడు మన ఉద్యమంలోకి చూసుకుందాం. ఏప్రిల్ 14న వాడలో డీజే పెట్టి అంబేడ్కర్ పాటలకు కుర్రాళ్లు ఎగిరితే, చదువుకున్న మనలో కొందరం ఇబ్బందిగా కదులుతాం. ధూంధాంలో విన్నప్పుడు గుండెల్ని పిండిన పాట రీల్స్‌లోకి ఎక్కగానే "కమర్షియల్ అయింది" అంటాం. నీలి కండువా అందరి మెడలోకీ వచ్చాక "దానికి అర్థం పోయింది" అంటాం. మనం మెట్టెక్కి, కింది మెట్టు మీదివాళ్లను చూసి నేర్చుకున్న చూపు ఇది. మెట్లమెట్ల అసమానత్వం అని బాబాసాహెబ్ చెప్పింది దీన్నే. ప్రతి మెట్టుకూ కింద ఒక మెట్టుంటుంది.

విమర్శ వద్దని కాదు. డీజే శబ్దం ముసలివాళ్లకు ఇబ్బందైతే తగ్గించమందాం. పాటలో బాబాసాహెబ్ మాట తీసేసి ఎవడో నాయకుడి పేరు పెడితే నిలదీద్దాం. అప్పుడు పాట మారింది కాబట్టి అడుగుతున్నాం. కానీ నోరు తెరిచే ముందు ఒకసారి చూసుకుందాం: ఆ వస్తువు మారిందా, లేక దాన్ని పట్టుకున్న చేతులు మారాయా? పాట మారకుండానే మనకు అది చేదయితే, మార్పు మనలో వచ్చిందన్నమాట.

ఇంకో మాట. పద్య నాటకానికి ఇప్పుడు గౌరవం తిరిగి వచ్చింది. నంది నాటకోత్సవాల్లో దానికి విడిగా బహుమతులు పెట్టారు, వారసత్వ కళ అంటున్నారు. జనం పలచబడ్డాక మర్యాద వచ్చింది. రేపు ఆ వారసత్వం చరిత్ర రాసేటప్పుడు ఎవరి పేర్లు ఉంటాయన్నదే మన పని.

విద్యార్థి మిత్రులకు ఒక వినతి. మన వాడల్లో నాటకాలు ఆడినవాళ్ల దగ్గర పద్యాలు రాసుకున్న పొడుగు నోటుబుక్కులు ఉంటాయి. పక్కన పెన్సిల్‌తో రాగం పేరు, ఏ ఊళ్లో ఏ రాత్రి ఆడారో కూడా రాసుకున్నవి ఉంటాయి. అవి పాత పేపర్లతో కలిసి తూకానికి వెళ్లిపోతున్నాయి. ఈ సెలవుల్లో ఇళ్లకు వెళ్లినప్పుడు అడగండి. నేర్పిన హార్మోనీ మాస్టారు ఎవరు, ఏ ఊరు, ఏ పాత్ర ఎవరు కట్టారు, ఎవరి పంట డబ్బుతో పెట్టె కొన్నారు. ఫోన్‌లో రికార్డు చేయండి, పేజీలు ఫోటోలు తీయండి. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు నేను వెంట ఉంటాను.

వచ్చే భాగంలో డప్పు గురించి. చావు ముందు నడిచిన డప్పు, ప్రభుత్వ వేదికల మీదికి ఎలా వెళ్లింది, వాయించినవాళ్లు ఎక్కడ మిగిలారు అన్నది మాట్లాడుకుందాం.

జై భీమ్.