రికార్డుకి రెండో వైపు

‘సింగిల్’ అనే మాట ఈ మధ్య తెలుగు సినిమా వార్తల్లో ధారాళంగా వినబడుతోంది. మొదటి సింగిల్, రెండో సింగిల్ అంటూ ఒక్కొక్క పాటనే విడివిడిగా విడుదల చేస్తున్నారు. మాట రికార్డుల లోకం నుండి వచ్చినదే. అయితే ఆ లోకంలో సింగిల్ ఒంటరిగా ఉండేది కాదు, దాని వెనకవైపు మరో పాట ఉండేది. మాట మనదాకా వచ్చేసరికి ఆ వెనకవైపు రాలిపోయింది. రాలిపోయిన ఆ భాగపు చరిత్రను, ముఖ్యంగా తెలుగులో అది నడిచిన తీరును, నాకు తెలిసినంతలో ఇక్కడ చెప్పదలిచాను.

మొదట్లో రికార్డుకి ఒకే వైపు ఉండేది. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడరిక్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలను రికార్డు చేసిననాటి స్థితి అదే. 1904లో జర్మనీలోని ఓడియన్ కంపెనీ రెండు వైపులా పాటలున్న రికార్డులను బజారులోకి తెచ్చింది. తక్కిన కంపెనీలూ క్రమంగా అదే దారి పట్టాయి. పది అంగుళాల లక్క రికార్డు, నిమిషానికి 78 చుట్లు, ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు పాట. కొనేవాడు ఒక పాట కోసం కొంటాడు, రెండోది కొసరుగా వస్తుంది. వ్యాపారపు లెక్కలో వెనకవైపు స్థానం అంతే.

ఆ కొసరును పాశ్చాత్య సంగీతకారులు తమకు అనుకూలంగా మలచుకున్నారు. 1949లో ఆర్.సి.ఏ. విక్టర్ కంపెనీ 45 చుట్ల చిన్న రికార్డు తెచ్చాక సింగిల్ అన్నది స్థిరపడింది. 1980లలో సింథసైజర్ల మీద పాటలు కట్టిన బ్రిటిష్ బృందాలు వెనకవైపును ప్రయోగశాలగా వాడుకున్నాయి. న్యూ ఆర్డర్ బృందం 1983లో వెలువరించిన ‘బ్లూ మండే’ వెనకవైపున ‘ద బీచ్’ ఉంది. అది ముందువైపు పాటనే విప్పి, మరో రకంగా కూర్చిన రూపం. పెట్ షాప్ బాయ్స్ ద్వయమైతే 1995లో తమ వెనకవైపు పాటలను 30 ఏరి ‘ఆల్టర్నేటివ్’ పేరుతో సంపుటంగా తెచ్చారు. అమ్ముడుపోవలసిన భారమంతా ముందువైపు పాటదే కనుక వెనకవైపు పాటకి స్వేచ్ఛ దక్కిందన్నమాట.

తెలుగులో కథ మరోలా నడిచింది. మనకు పద్యముంది. పాటకు పల్లవి ఉంటుంది, ఎక్కడ ఆపినా పల్లవి దగ్గరికి వచ్చి ముగించవచ్చు. ఖండకావ్యం అలా వెనక్కి రాదు. ఒక పద్యం తరువాత మరో పద్యంగా ముందుకే పోతుంది, పైగా ప్రతి పాదానికీ రాగం కావాలి. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపం’లో పూజకోసం పూలు కోయబోయిన కవితో పువ్వులు తమ గోడు చెప్పుకుంటాయి. ఘంటసాల వెంకటేశ్వరరావు ఆ పద్యాలను గ్రామఫోనుకు పాడినప్పుడు మూడు నిమిషాలు ఎలా సరిపోతాయి? అందుకే అది రెండు భాగాలై రికార్డు రెండు వైపులా పరుచుకుంది. ‘కుంతీకుమారి’దీ అదే దారి. ఇక్కడ రెండో వైపు కొసరు కాదు. అది లేకపోతే మొదటి వైపు సగంలో తెగిన మాట.

చంపాపేట్‌లో మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన దగ్గర కీ ఇచ్చే గ్రామఫోను చాలాకాలం పనిచేస్తూ ఉండేది. ‘పుష్పవిలాపా’న్ని రికార్డు మీద మొదటిసారి విన్నది నేను ఆయన ఇంట్లోనే. మొదటి వైపు అయిపోగానే ఆయన సౌండుబాక్సు ఎత్తి, రికార్డును రెండు అరచేతుల మధ్య పట్టుకుని తిప్పి, ముల్లు మార్చి, మళ్ళీ కీ ఇచ్చారు. నిమిషం పట్టింది కాబోలు. ఆ నిమిషంలో గదిలో ఎవరూ మాట్లాడలేదు. నేను ఏదో అనబోతే, “ఆగు బాబూ, ఇంకా అయిపోలేదు” అన్నారాయన. మూడు నిమిషాల హద్దు యంత్రం పెట్టింది. ఆ హద్దు దగ్గర మౌనంగా ఉండడం మాత్రం శ్రోతలు అలవరచుకున్నదే.

తరువాత లాంగ్‌ప్లే రికార్డులు వచ్చి ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటింది. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసిన ఘంటసాల చివరి కాలంలో పాడిన భగవద్గీతకు చోటిచ్చింది ఆ వైశాల్యమే. ఆపైన క్యాసెట్లు. 1983 నుండి 1994 వరకు జంటగా పనిచేసిన రాజ్–కోటి సింథసైజర్ మోతను తెలుగువారి చెవులకు అలవాటు చేసింది ఈ క్యాసెట్ల కాలంలోనే. ఏ.ఆర్. రెహమాన్ తొలినాళ్ళలో వారి దగ్గర కీబోర్డు వాయించారు. క్యాసెట్టుకూ రెండు వైపులుండేవి కాబట్టి, ‘బి’ వైపున ఉన్న అంతగా పేరులేని పాట కూడా తిప్పినప్పుడల్లా చెవిన పడేది. సీడీతో ఆ తిప్పడం పోయింది, నేటి సింగిల్‌తో రెండో పాటే పోయింది.

పాత పరికరాలు పోవడం గురించి నాకు పెద్దగా బాధ లేదు. నా బెంగ వేరు. ఔత్సాహికులు ఎంతో శ్రమకోర్చి పాత రికార్డులను కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు, వారికి మనమంతా ఋణపడి ఉన్నాం. అయితే పద్యాల రికార్డు ఎక్కించేటప్పుడు రెండు భాగాలనూ అతుకు తెలియకుండా కలిపేయడం, పేరున్న పాట ఒక్కటే తీసుకుని వెనకవైపు వదిలేయడం కనబడుతూనే ఉన్నాయి. అతుకు చెరిపేస్తే, మూడు నిమిషాల ఇరుకులో ఆ గాయకుడు పద్యాన్ని ఎక్కడ ఆపాలని నిర్ణయించుకున్నాడో రేపటి శ్రోతకు తెలియదు. వెనకవైపు వదిలేస్తే, అక్కడ మాత్రమే పాడిన గొంతు పూర్తిగా మాయమవుతుంది.

కనుక ఇంట్లో పాత రికార్డులున్నవారికి నా విన్నపం ఒకటే. రెండు వైపులూ ఎక్కించండి, విడివిడిగా ఎక్కించండి, రెండు వైపుల లేబుళ్ళ మీది అక్షరాలనూ ఉన్నవున్నట్టు రాసిపెట్టండి. కలిపి వినాలనుకున్నవారు ఎలాగూ కలుపుకుంటారు.