66ఎ సెక్షన్

66ఎ సెక్షన్ భారతదేశపు సమాచార సాంకేతిక చట్టము, 2000లో ఒకప్పుడు ఉండిన నిబంధన. ఇది 2008 సవరణ ద్వారా చేర్చబడి, 2009 అక్టోబరు 27న అమలులోకి వచ్చింది. కంప్యూటరు, సెల్‌ఫోను వంటి సాధనాల ద్వారా తీవ్ర అభ్యంతరకరమైన సందేశాలు పంపినవారికి, చికాకు, ద్వేషము మొదలగునవి కలిగించుటకై తెలిసి తెలిసి అబద్ధపు సమాచారాన్ని పదేపదే పంపినవారికి మూడేళ్ళ వరకు జైలుశిక్ష, జరిమానా విధించే వీలుండేది.

వివాదము

"అభ్యంతరకరము", "చికాకు" వంటి పదాలకు చట్టములో నిర్వచనము లేదు. అందువలన వాటి అర్థాన్ని పోలీసులే నిర్ణయించే పరిస్థితి ఏర్పడింది. 2012 నవంబరులో బాల్ థాకరే మరణానంతరం జరిగిన బందును ఫేస్‌బుక్‌లో విమర్శించిన ఒక యువతిని, ఆ వ్యాఖ్యను "లైక్" చేసిన ఆమె స్నేహితురాలిని మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. దరిమిలా శ్రేయా సింఘాల్ సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యము వేసింది.

తీర్పు

2015 మార్చి 24న న్యాయమూర్తులు జాస్తి చలమేశ్వర్ (కృష్ణా జిల్లాకు చెందినవారు), రోహింటన్ నారిమన్‌ల ధర్మాసనము ఈ సెక్షన్‌ను కొట్టివేసింది. చర్చించడం, ఒక వాదాన్ని సమర్థించడం, రెచ్చగొట్టడం అనే మూడింటికీ భేదమున్నదని, మొదటి రెండూ ఎవరికి ఎంత రుచించకపోయినా రాజ్యాంగపు 19(1)(ఎ) అధికరణము వాటిని కాపాడుతుందని, మాట రెచ్చగొట్టే స్థాయికి చేరినప్పుడే నియంత్రణకు తావుంటుందని తీర్పు వివరించింది.

ప్రభావము

ఈ తీర్పు ద్వేషప్రసంగానికి అనుమతి కాదు. మతము, కులము, భాషల పేరిట వర్గాల మధ్య శత్రుత్వము పెంచడం భారత శిక్షాస్మృతి 153ఎ సెక్షన్ ప్రకారము నేరముగానే కొనసాగింది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలోని 196వ సెక్షన్ దాని స్థానములో ఉన్నది. ఎలక్ట్రానిక్ సమాచారాన్ని ఇది స్పష్టముగా పేర్కొంటుంది. కొట్టివేసిన తరువాత కూడా పలుచోట్ల 66ఎ క్రింద కేసులు నమోదు కావడంతో, ఆ సెక్షన్ క్రింద ఎవరినీ విచారించరాదని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.