బల్ల వెనక ముగ్గురు

2004 నవంబర్ 12న దక్షిణ కొరియాలో ఒక స్టార్‌క్రాఫ్ట్ సెమీఫైనల్ జరిగింది. ఒకవైపు లిమ్ యోహ్వాన్, ఇంకోవైపు హోంగ్ జిన్‌హో. ఇద్దరూ పాత ప్రత్యర్థులు. అయిదు ఆటల్లో మూడు గెలిచినవాడిది మ్యాచ్. దేశం మొత్తం ఓ పెద్ద యుద్ధం కోసం టీవీల ముందు కూర్చుంది. లిమ్ మూడు ఆటల్లోనూ ఒకటే ఎత్తు వేశాడు: ఆట మొదలైన కాసేపటికే వెళ్ళి ప్రత్యర్థి ఇంటిముందు బంకర్ కట్టడం. మూడుసార్లూ పనిచేసింది. 3-0. చికెన్ ఆర్డర్ చేస్తే, అది ఇంటికొచ్చేలోపే మ్యాచ్ అయిపోయిందని అక్కడివాళ్ళు ఇప్పటికీ జోకులేసుకుంటారు.

లిమ్ తెలివి గురించీ హోంగ్ దురదృష్టం గురించీ చాలామంది రాశారు. నా ఆసక్తి మాత్రం ఆ రోజు బల్ల వెనక కూర్చున్న ముగ్గురి మీద. ఒక సాయంత్రానికి సరిపడా కథ చెప్పడానికి సిద్ధపడి వచ్చిన మనుషులకి కథే లేకుండా పోతే ఏం చేస్తారు? ఈ-స్పోర్ట్స్ కామెంటేటర్ అనే ఉద్యోగం ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే ఈ ముగ్గురి దగ్గర మొదలుపెట్టాలి: జోన్ యోంగ్‌జున్, ఓమ్ జేగ్యోంగ్, కిమ్ తేహ్యోంగ్.

ముందు కొంచెం నేపథ్యం. 1997 చివర్లో కొరియా ఆర్థికంగా కుప్పకూలి ఐఎమ్ఎఫ్ దగ్గర అప్పుకి వెళ్ళింది. ఉద్యోగాలు పోయినవాళ్ళు కొందరు చేతిలో ఉన్న డబ్బుతో ఇంటర్నెట్ సెంటర్లు పెట్టారు. అక్కడ వాటిని పీసీ బాంగ్ అంటారు. 1998లో అమెరికన్ కంపెనీ బ్లిజార్డ్ స్టార్‌క్రాఫ్ట్‌ని విడుదల చేసింది. పనిలేని కుర్రాళ్ళు, చవగ్గా గంటలెక్కన దొరికే కంప్యూటర్లు, వేగంగా వ్యాపిస్తున్న బ్రాడ్‌బ్యాండ్: మూడూ ఒక్కసారే కలిశాయి. మన నెట్ సెంటర్లలో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడినవాళ్ళకి ఆట తేలిగ్గానే అర్థమవుతుంది. గనులు తవ్వాలి, ఇళ్ళు కట్టాలి, సైన్యాన్ని తయారుచేయాలి, అవతలివాడిని కూలగొట్టాలి.

1999లో టూనీవర్స్ అనే కార్టూన్ చానెల్ ఈ ఆట పోటీని ప్రసారం చేసింది. అది జనానికి ఎంత నచ్చిందంటే, 2000లో ఆన్‌గేమ్‌నెట్ పేరుతో రోజంతా వీడియో గేములే చూపించే చానెలే పుట్టుకొచ్చింది. మరి ఆట చూపిస్తూ మాట్లాడేదెవరు? ఈ పనికి అప్పటిదాకా మనుషుల్లేరు. చదువు లేదు, గురువు లేడు, పాత టేపులు లేవు. దొరికినవాళ్ళని కూర్చోబెట్టారు. ఓమ్ జేగ్యోంగ్ కామిక్స్‌కి కథలు రాసే రచయిత. జోన్ యోంగ్‌జున్ టీవీ అనౌన్సర్. కిమ్ తేహ్యోంగ్ ఆట లోతులు తెలిసిన మనిషి. ఆటలో ప్రోటోస్ జాతికి క్యారియర్ అని ఓ పెద్ద ఓడ ఉంటుంది. ఎప్పుడు చూసినా అది కట్టమనే అంటాడని ఆయనకి ‘కిమ్ క్యారియర్’ అని పేరు పడింది. ఆయన ఎవరు గెలుస్తారంటే వాళ్ళు ఓడిపోతారన్న ఖ్యాతి కూడా ఉంది.

వీళ్ళ అమరిక చూస్తే నాకు మన బుర్రకథ గుర్తొస్తుంది. మధ్యలో కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పే వంత, ఇంకో పక్క రాజకీయం చెప్పే వంత. ఒకడు కథని ముందుకు తోస్తుంటే ఇంకొకడు దాన్ని లోకంతో ముడిపెడతాడు, మూడోవాడు నవ్విస్తాడు. కొరియాలో జోన్ ఆటని పరిగెత్తించేవాడు, కిమ్ వ్యూహం చెప్పి తిట్లూ నవ్వులూ తినేవాడు, ఓమ్ దానికో అర్థం చెప్పేవాడు. ఎవరూ ఎవర్నీ చూసి నేర్చుకోలేదు. అయినా కథ చెప్పాల్సి వచ్చినప్పుడు మనుషులు ఇలా ముగ్గురుగా సర్దుకుంటారేమో.

ఇంకో సంగతి కూడా ఉంది. స్టార్‌క్రాఫ్ట్‌లో ఆటగాడికి తన సైన్యం చూడగలిగినంత మేరే కనిపిస్తుంది, మిగతా అంతా చీకటి. కామెంటేటర్‌కి మాత్రం రెండు వైపులా కనిపిస్తాయి. వెనక దారిలో సైన్యం వస్తోందని వీళ్ళకి తెలుసు, చూసే జనానికి తెలుసు, ఇంట్లో కూర్చున్నవాడికి తెలీదు. క్రికెట్ కామెంటేటర్‌కి ఈ అవకాశం లేదు, అక్కడ బ్యాట్స్‌మన్ చూసేదే అందరూ చూస్తారు. ఇక్కడ కామెంటేటర్ నాటకంలో సూత్రధారుడి లాంటివాడు. పాత్రకి తెలియని సంగతి ప్రేక్షకుడి చెవిలో వేస్తాడు.

నేను ఈ మ్యాచ్‌లు చూసింది చాలా ఏళ్ళ తర్వాత, యూట్యూబ్‌లో. నాకు కొరియన్ ముక్క రాదు. అయినా జోన్ గొంతు ఎక్కడ పైకి లేస్తుందో విని దాడి ఎప్పుడు మొదలవబోతోందో పట్టుకోగలిగేవాణ్ణి. ఓడినవాడు తెరమీద ‘జీజీ’ అని టైప్ చేసి లొంగిపోవడం ఈ ఆట మర్యాద. జోన్ ఆ రెండక్షరాల్నీ ఊపిరి అయిపోయేదాకా లాగి అరిచేవాడు. గెలిచినవాడి సంబరమూ ఓడినవాడి చావుకేకా రెండూ అందులోనే ఉండేవి.

ఓమ్ పని వేరు. తెరమీద కనిపించేవి చిన్న చిన్న బొమ్మలు. వాటి వెనకున్న కుర్రాళ్ళు బక్కగా, మొహమాటంగా, గాజు గదుల్లో తలొంచుకుని కూర్చుంటారు. వాళ్ళని చూసి ఎవడు కన్నీళ్ళు పెట్టుకుంటాడు? ఓమ్ వాళ్ళని పాత్రలుగా మార్చాడు. 2001 చివర్లో, 2002 శరదృతువులో జరిగిన ఫైనల్స్‌లో లిమ్ యోహ్వాన్ ప్రోటోస్ ఆటగాళ్ళ చేతిలో ఓడాడు. 2003లో ఫైనల్ చేరినవాళ్ళిద్దరూ ప్రోటోస్‌లే. దానికి ‘శరత్కాల గాథ’ అని పేరొచ్చింది: ఆకులు రాలే కాలంలో ప్రోటోస్ వీరుడు లేస్తాడని. లెక్కల ప్రకారం చూస్తే అది యాదృచ్ఛికం. కథగా చూస్తే మాత్రం, సెప్టెంబర్ రాగానే జనం ఎదురుచూడ్డం మొదలుపెట్టారు.

2004లో గాథ తప్పింది, కానీ అంతకంటే పెద్ద కథ దొరికింది. మూడు బంకర్లతో హోంగ్‌ని కొట్టి ఫైనల్‌కెళ్ళిన లిమ్, అక్కడ తను చేరదీసిన శిష్యుడు చ్వే యోన్‌సోంగ్ చేతిలో 3-2తో ఓడిపోయి వేదిక మీదే ఏడ్చాడు. 2005లో మళ్ళీ ఫైనల్, మళ్ళీ శరత్కాలం, ఓ యోంగ్‌జోంగ్ అనే ప్రోటోస్ కుర్రాడి చేతిలో మళ్ళీ 3-2. ‘చక్రవర్తి’ అని పిలిపించుకున్నవాడికి 2001 తర్వాత ఆ టైటిల్ మరి దక్కలేదు. ఎప్పుడూ రెండోస్థానంలో ఆగిపోయే హోంగ్ జిన్‌హోకి ‘రెండు’ అంకె ఇంటిపేరైంది.

ఇవన్నీ ఎంతదూరం వెళ్ళాయంటే, 2004 జూలైలో బుసాన్ నగరంలో గ్వాంగల్లి సముద్రతీరాన జరిగిన జట్ల ఫైనల్‌కి లక్షమంది వచ్చారని నిర్వాహకులు లెక్క చెప్పారు. లెక్కలో అతిశయం ఉందనుకున్నా, ఇసుకలో కూర్చున్న ఆ జనం ఫోటోలు అబద్ధం చెప్పవు.

అయితే కథలు అల్లేవాడికి ఒక ప్రమాదం ఉంది. 2010లో మ్యాచ్ ఫిక్సింగ్ బయటపడింది. బెట్టింగ్ ముఠాల కోసం ఆటలు ఓడిపోయిన వ్యవహారంలో పదకొండుమంది ఆటగాళ్ళని సంఘం శాశ్వతంగా నిషేధించింది. అందులో మా జేయూన్ ఉన్నాడు. 2007లో అందరూ ‘మాస్ట్రో’ అని నెత్తిన పెట్టుకున్న మనిషి. కోర్టు అతనికి అమలు నిలిపివేసిన జైలు శిక్ష వేసింది. అతన్ని మహానుభావుడిగా నిలబెట్టిన మాటలు మాత్రం బల్ల వెనకనుంచి వచ్చినవే. కామెంటేటర్లు అబద్ధం చెప్పలేదు, వాళ్ళకి ఆటే కనిపించింది. కానీ రెండు వైపులా చూడగలిగే సూత్రధారుడికి కూడా కనబడని చీకటి ఇంకొకటి ఉందని అప్పుడు తేలింది. ఆ తర్వాత ఎవరైనా బాగా ఆడితే మెచ్చుకోవడం, చెత్తగా ఓడితే జాలిపడటం అంత తేలిక కాదు. ప్రతి తప్పటడుగు వెనకా ఒక అనుమానం నిలబడుతుంది. మ్యాచ్ ఫిక్సింగ్ రోజుల్లో మన క్రికెట్ చూసినవాళ్ళకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

రెండో దెబ్బ కోర్టుల్లో తగిలింది. క్రికెట్‌కి బోర్డులున్నాయి గానీ ఆటకి యజమాని లేడు. స్టార్‌క్రాఫ్ట్‌కి ఉన్నాడు. ప్రసార హక్కులు మావేనని బ్లిజార్డ్ పట్టుబట్టింది, చానెళ్ళ మీద కేసులేసింది. 2011లో రాజీ కుదిరింది గానీ అప్పటికే జనం పల్చబడ్డారు. 2012 మొదట్లో రెండో గేమ్ చానెల్ ఎంబీసీగేమ్ మూతపడి, దాని స్థానంలో మ్యూజిక్ చానెల్ వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 4న ఆన్‌గేమ్‌నెట్ పాత స్టార్‌క్రాఫ్ట్ చివరి ఫైనల్ నడిపింది. హో యోంగ్‌మూ అనే ప్రోటోస్ ఆటగాడు గెలిచాడు.

ఓ నాదస్వర విద్వాంసుడికి ముసలితనం రావొచ్చు, నాదస్వరం మాత్రం ఉంటుంది. ఈ ముగ్గురూ పదేళ్ళకి పైగా నేర్చుకున్న విద్యకి ఆధారమైన ఆటే వాళ్ళ కళ్ళముందు ముగిసింది. ఈ వృత్తిలో అసలు కష్టం ఇదేననిపిస్తుంది నాకు. గొంతు పోవడం కాదు, గొంతు బాగానే ఉండి ఆట పోవడం. జోన్ లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే కొత్త ఆటకి మారాడు. కొత్త పాత్రలు, కొత్త పదాలు, తన కొడుకుల వయసున్న ఆటగాళ్ళు. అరుపు మాత్రం పాతదే.

ఆ అరుపు భాషలు దాటింది కూడా. నిక్ ప్లాట్, డాన్ స్టెంకోస్కీ అనే ఇద్దరు అమెరికన్లు సోల్‌కి వెళ్ళి స్థిరపడి, 2010 నుంచి స్టార్‌క్రాఫ్ట్ 2 పోటీలకి ఇంగ్లీషులో వ్యాఖ్యానం చెప్పారు. ఇంగ్లీషు వినేవాళ్ళలో చాలామందికి ఈ లోకం పరిచయమైంది వాళ్ళ మాటల్లోనే.

హోంగ్ జిన్‌హో ఇప్పుడు టీవీ తార. రెండో అంకె మీద వచ్చే జోకులకి ఆయనే ముందు నవ్వుతాడు. ఆయన ఆడిన ఆటలు చూడని పిల్లలకి కూడా ఆయనెందుకు ‘రెండు’ అయ్యాడో తెలుసు. ఎత్తులూ బంకర్లూ మర్చిపోయాక మిగిలింది, ఎవరో ముగ్గురు బల్ల వెనక కూర్చుని పదే పదే చెప్పిన కథ.