చిన్న అల్యూమినియం పడవకు ట్రోలింగ్ మోటార్ ఎంచుకోవడం ఎలా?

ముత్తనల్లూరు లాంటి మన ఆనేకల్ తాలూకా చెరువుల్లో చిన్న అల్యూమినియం పడవకు పెట్రోల్ ఇంజన్ దండగ. వెనక అంచుకు బిగించుకునే ట్రోలింగ్ మోటార్ చాలు. ఇది బ్యాటరీతో నడుస్తుంది, చేపలు బెదరవు, నీళ్లలో నూనె పడదు. ముందుగా ఆ చెరువు గుత్త ఎవరిదో పంచాయతీలో కనుక్కోండి. అనుమతి లేకపోతే మోటార్ కొనీ లాభం లేదు.

మోటార్ బలాన్ని పౌండ్ల త్రస్ట్‌లో చెబుతారు. మొత్తం బరువులో ప్రతి 45 కిలోలకు 2 పౌండ్లు కావాలన్నది వాడుక లెక్క. పడవ 70 కిలోలు, ఇద్దరు మనుషులు 140, బ్యాటరీ 30, వలా చేపలూ 60 అనుకుంటే 300 కిలోలు. అంటే సుమారు 14 పౌండ్లు. కానీ అది గాలి లేని రోజు మాట. ఆషాఢం గాలికి తేలికైన పడవ పక్కకు కొట్టుకుపోతుంది. అందుకే 30 నుంచి 45 పౌండ్లది తీసుకోవడం మేలు. 80 పౌండ్లదానికి 24 వోల్టులు కావాలి, అంటే రెండు బ్యాటరీల మోత. మన చెరువులకు అంత అక్కర్లేదు.

అసలు జాగ్రత్త బ్యాటరీ దగ్గరే. కారు బ్యాటరీ పెట్టకండి. అది ఇంజన్ స్టార్ట్ చేయడానికే గానీ గంటల తరబడి కరెంటు ఇవ్వడానికి కాదు, త్వరగా చెడిపోతుంది. డీప్ సైకిల్ రకం అడగండి. 45 పౌండ్ల మోటార్ పూర్తి వేగంలో 40 ఆంపియర్లకు పైగా లాగుతుంది. 100 ఏహెచ్ లెడ్ బ్యాటరీని సగానికి మించి దింపకూడదు కాబట్టి ఆ వేగంలో వచ్చేది దాదాపు గంటే. నెమ్మదిగా పోతే చాలాసేపు వస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ పనిచేస్తుంది గానీ 50 కిలోలు దాటుతుంది, ఒరిగితే ఆసిడ్ ఒలుకుతుంది. లిథియం ఫాస్ఫేట్‌ది ధర ఎక్కువైనా బరువు సగం కూడా ఉండదు.

గుర్రపుడెక్క ఉన్న చోట నాచుకు చిక్కని రెక్కల ప్రొపెల్లర్ అడగండి. అయినా వేళ్లు చుట్టుకుంటాయి. వైరు తీశాకే చేత్తో లాగండి.

అల్యూమినియం కరెంటును పారనిస్తుంది. బ్యాటరీ తీగ ఏదీ పడవ ఒంటికి తగలకూడదు, తగిలితే లోహం తినేస్తుంది. ప్లస్ తీగకు బ్యాటరీ పక్కనే మోటార్ పుస్తకంలో చెప్పినంత బ్రేకర్ పెట్టించండి. తెడ్డు ఒకటి, మనిషికొక లైఫ్ జాకెట్ పడవలోనే ఉంచండి. పూడిక బురదలో కాలు దిగబడితే ఈత వచ్చినవాళ్లకూ పైకి రావడం కష్టం.