మంచం దిగిన తరువాతే దమ్ము: విశ్రాంతి నుంచి వ్యాయామం దాకా

‘కడుపు కోసి కుట్లు వేశారు, కదలకుండా పడుకో’ అన్న మాట మన ఇళ్లలో నేటికీ వినిపిస్తూనే ఉంది. ఆ మాట వెనుక ప్రేమ ఉంది. ఒకప్పుడు వైద్యులు చెప్పినదీ అదే. అయితే బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నవారికి ఈ ప్రేమ చేటు చేస్తుంది. వైద్యశాస్త్రం తన పాత నమ్మకాన్ని ఎలా విడిచిపెట్టిందో తెలిస్తే అందుకు కారణం బోధపడుతుంది.

ఉదర శస్త్రచికిత్స తరువాత రోగిని రెండు మూడు వారాలు మంచం మీదే ఉంచడం ఒకనాటి ఆచారం. 1899లో చికాగో వైద్యుడు ఎమిల్ రీస్ రోగులను త్వరగా లేపి నడిపించడం మేలని రాశాడు. ఆ మాటను పట్టించుకున్నవారు తక్కువ. 1940లలో డెట్రాయిట్ శస్త్రవైద్యుడు డేనియల్ లైథాసర్ అదే వాదాన్ని బలంగా వినిపించాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆసుపత్రులలో మంచాలకు, నర్సులకు కొరత ఏర్పడింది. అవసరం కొద్దీ మొదలైన ఆ పద్ధతి క్రమంగా వైద్యనియమంగా స్థిరపడింది.

1966లో రెండు ఘటనలు జరిగాయి. అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ స్థూలకాయులకు గ్యాస్ట్రిక్ బైపాస్ చేయడం ఆరంభించాడు. అదే ఏడాది డల్లాస్‌లో ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను 20 రోజులు మంచం మీద ఉంచి పరీక్షించారు. తీవ్రశ్రమలో దేహం వినియోగించుకోగల గరిష్ఠ ప్రాణవాయువు సుమారు 27 శాతం పడిపోయింది. దమ్ముకు కొలబద్ద అదే. ఆపైన ఎనిమిది వారాల వ్యాయామంతో వారు పోయినది రాబట్టుకోవడమే కాక, మునుపటి స్థాయిని కూడా దాటారు.

ఈ రెండింటినీ కలిపి చదవాలి. శస్త్రచికిత్స తరువాత ఆహారం బాగా తగ్గుతుంది. కొవ్వుతో పాటు కొంత కండ కూడా కరుగుతుంది. మోయవలసిన బరువు తగ్గుతుంది కనుక మెట్లెక్కడం సులువవుతుంది. దానినే దమ్ముగా భ్రమించరాదు. గుండె, కండరాలు ప్రాణవాయువును వినియోగించుకొనే శక్తి బరువు తగ్గినంత మాత్రాన పెరగదు. సాధన వలననే పెరుగుతుంది.

1994లో లాప్రోస్కోపీ ద్వారా గ్యాస్ట్రిక్ బైపాస్ చేసిన వివరాలు వెలువడ్డాయి. పెద్ద కోతకు బదులు చిన్న రంధ్రాలు చాలు కనుక, నేడు చాలామంది రోగులను ఆ రోజో మరునాడో నడిపిస్తున్నారు. కాళ్ల సిరలలో రక్తం గడ్డకట్టే ముప్పును తగ్గించడానికి కూడా ఈ నడక తోడ్పడుతుంది.

ఇంటికి చేరాక రోజుకు రెండు మూడు సార్లు, ఐదు పది నిమిషాల నడకతో ఆరంభించండి. వారం వారం కొద్దికొద్దిగా పెంచండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉంటే సరిపోతుంది. వారానికి 150 నిమిషాల నడక తొలి గమ్యం. బరువులెత్తడం, పొట్టపై ఒత్తిడి పడే వ్యాయామాలు మాత్రం మీ శస్త్రవైద్యుడు అనుమతించే వరకు వద్దు. ఆ తరువాత వారానికి రెండు రోజులు కండరాల వ్యాయామం చేర్చండి. సూచించిన మేరకు మాంసకృత్తులు తీసుకోండి. నీటిని ఒక్కసారిగా కాక గుక్కగుక్కగా తాగండి. మధుమేహం, రక్తపోటు మందుల మోతాదులు తగ్గించవలసి రావచ్చు. నడకలో కళ్లు తిరిగితే వైద్యునికి తెలపండి. ఛాతీలో నొప్పి, హఠాత్తుగా ఆయాసం, పిక్కలో వాపు, జ్వరం, తగ్గని గుండెదడ కనిపిస్తే నడక ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

డల్లాస్ కథ అక్కడితో ముగియలేదు. ముప్పై ఏళ్ల తరువాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్ల వయోభారం కంటే నాటి మూడు వారాల మంచమే వారి దమ్మును ఎక్కువగా తగ్గించిందని తేలింది. యాభై దాటిన ఆ వయసులో కూడా, ఆరు నెలల క్రమవ్యాయామంతో వారు 1966 నాటి ఆరంభస్థాయిని తిరిగి అందుకున్నారు. కనుక ఇంటి పెద్దలకు నాదొక విన్నపం: రోగిని పడుకోమనకండి, చేయి పట్టుకొని వాకిలి దాకా నడిపించండి.