అనుమతితో పారిన యురేనియం

అణు ప్రమాదం అనగానే మనకి చెర్నోబిల్, త్రీ మైల్ ఐలండ్ గుర్తొస్తాయి. చర్చ్ రాక్ పేరు విన్నవాళ్ళు తక్కువే. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం, గాలప్ ఊరి దగ్గర, నవాహో జనం గొర్రెలు మేపుకునే చోటు. 1979 జూలై 16 తెల్లవారుజామున అక్కడి యురేనియం మిల్లు వ్యర్థాల చెరువుకి గండి పడింది. 1100 టన్నుల ఘనవ్యర్థం, సుమారు 35 కోట్ల లీటర్ల ఆమ్లపు నీళ్ళు ప్వెర్కో నదిలో కలిశాయి.

ఈ కథ ఎవరు చెప్పినా ఇక్కడితో ఆపేస్తారు. నాకైతే గండి కంటే పక్కనే ఉన్న పైపు కథ ముఖ్యం అనిపిస్తుంది.

ప్వెర్కో నది అంటే నిజానికి ఏడాదిలో చాలా రోజులు ఎండిపోయి ఉండే ఇసుక వాగు. యురేనియం గనులేమో భూగర్భజలం కంటే కిందకి పోయాయి. నీళ్ళు తోడిపోస్తే గానీ తవ్వలేరు. 1967 నించి 1986 దాకా ఆ తోడిన నీళ్ళన్నీ వాగులోకే. దాంతో అది ఏడాది పొడుగునా పారే నది అయి కూర్చుంది! 1970ల మధ్య దాకా శుద్ధి ఊసే లేదు. ఆ తర్వాత మొదలెట్టారు. బేరియం క్లోరైడ్ కలిపితే బేరియం సల్ఫేటుతో పాటు రేడియం కూడా అడుక్కి దిగుతుంది. యురేనియాన్ని రెజిన్ మీద పట్టుకుంటారు (అది అమ్ముకునే సరుకే కదా, కంపెనీకి నష్టమేం లేదు).

తర్వాతెప్పుడో అమెరికా భూగర్భ సర్వే వాళ్ళు కూర్చుని మొత్తం లెక్క కట్టారు. గండి పడ్డప్పుడు పోయిన యురేనియం సుమారు ఒకటిన్నర టన్ను. గని నీళ్ళతో, శుద్ధికి ముందూ తర్వాతా కలిపి, పోయింది సుమారు 560 టన్నులు! అలాగని గండిని తేలిగ్గా తీసెయ్యలేం. ఆల్ఫా రేడియోధార్మికత చూస్తే గండిది 46 క్యూరీలు, గని నీళ్ళది 260. ఇది ఇన్నేళ్ళలో, అది ఒక్కపూటలో.

మరి అనుమతులిచ్చినవాళ్ళు ఏం చూశారు? పైపు మూతి దగ్గర లీటరుకి ఎంత అని. 1982లో ఖరారైన నిబంధనల ప్రకారం గని నీళ్ళలో యురేనియం నెలసరి సగటున లీటరుకి 2 మిల్లీగ్రాములు ఉండొచ్చు. తాగునీటికి 2000లో పెట్టిన హద్దు 0.03. అరవై రెట్లకి పైనే తేడా. ఎందుకంటే మొదటిది, ఉన్న టెక్నాలజీతో ఎంత తగ్గించగలరో చూసి పెట్టిన హద్దు. దిగువన ఎవరు తాగుతారన్న ప్రశ్న అందులో లేదు. పెద్ద నదైతే కలిసి పలచబడుతుందనుకోవచ్చు. ఇక్కడ కలవడానికి వేరే నీళ్ళేవీ? చాలా రోజులు పైపు నీళ్ళే నది. మా భాషలో చెప్పాలంటే ఒక్కో రిక్వెస్టుకీ లిమిట్ పెట్టారు, మొత్తం ట్రాఫిక్ ఎవరూ కూడలేదు.

మిల్లు 1982లో మూతపడింది, 1983లో సూపర్‌ఫండ్ జాబితాకెక్కింది. 1986లో పంపులు ఆగాయి. వాగు మళ్ళీ ఎండిపోయింది.