తాగుబోతు ఎలుకల పుణ్యం

కుందేళ్లు బీరు తాగవు. మద్యం మాన్పించే మొదటి మందు అందుకే మొదట్లో పురుగుల మందుగానే కనిపించింది. రబ్బరును గట్టిపరచడానికి వాడే డైసల్ఫిరామ్ కడుపులో పురుగులను చంపుతుందేమోనని 1940ల మధ్యలో కోపెన్‌హేగన్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్సన్ కుందేళ్ల మీద పరీక్షించారు. వాటికి ఏమీ కాలేదు. మనుషులకూ ప్రమాదం లేదని రూఢి చేసుకోవడానికి తామే మాత్రలు మింగారు. ఆ తర్వాత ఎప్పుడు మద్యం పుచ్చుకున్నా ముఖం జేవురించడం, గుండె దడ, వాంతి వచ్చేట్టు ఉండటం! అప్పుడు మళ్లీ కుందేళ్ల దగ్గరికే వెళ్లి, ఈసారి వాటికి ఆల్కహాల్ కూడా ఎక్కించి రక్తం పరీక్షించారు. ఆల్కహాల్ ఒంట్లో ముందు అసిటాల్డిహైడ్‌గా మారుతుంది. మామూలుగా కాలేయం ఆ విషాన్ని వెంటవెంటనే వదిలించేస్తుంది. ఈ మందు పడితే ఆ పని ఆగిపోయి, విషం రక్తంలో పేరుకుంటుంది.

నిజానికి 1937లోనే అమెరికాలో ఒక రబ్బరు ఫ్యాక్టరీ వైద్యుడు, ఇదే కుటుంబానికి చెందిన రసాయనంతో పనిచేసే కార్మికులకు మద్యం సహించడం లేదని రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1948లో హాల్డ్, యాకబ్సన్‌ల వ్యాసం 'లాన్సెట్' పత్రికలో వచ్చాక ఆ మందు ఆంటాబ్యూస్ పేరుతో ప్రపంచమంతా పాకింది. మన ఊళ్లలోనూ కొందరు దీన్ని కూరలో కలిపి తాగేవాడికి తెలియకుండా పెట్టేస్తుంటారు. ఆ సంగతి తెలియని మనిషి ఆ పూట గట్టిగా తాగితే ప్రాణం మీదికి రావచ్చు.

ఎంత చెప్పినా ఇది భయపెట్టే మందు. తాగాలన్న కోరిక జోలికి పోదు. కోరికకు మందు కనిపెట్టాలంటే ముందు తాగాలని కోరుకునే జంతువు కావాలి, అలాంటిది దొరకడమే కష్టం. మామూలు ఎలుక పలచటి ఆల్కహాల్‌ను ఇష్టపడినా, ఘాటు పెరిగితే నీళ్ల సీసావైపే పోతుందని 1940లో కర్ట్ రిక్టర్ చూపించాడు.

ఆ కొరత తీర్చింది, విచిత్రంగా, సారా అమ్మే సంస్థే. ఫిన్లాండ్‌లో అప్పట్లో మద్యం అమ్మకాల గుత్తాధికారం ఉన్న ప్రభుత్వ కంపెనీ ఆల్కో. దాని ప్రయోగశాలలో 1960లలో కలెర్వో ఎరిక్సన్ ఎలుకల ముందు నీళ్లూ, 10 శాతం ఆల్కహాల్ ద్రావణమూ పెట్టి, ఎక్కువ తాగేవాటిని తాగేవాటితో, ముట్టనివాటిని ముట్టనివాటితో తరతరాలుగా జతకట్టించాడు. అలా రెండు జాతులు తయారయ్యాయి. తాగే గుణంలో కొంత పుట్టుకతోనే వస్తుందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఆ ఎలుకల కోసమే అమెరికా నుంచి హెల్సింకికి వెళ్లిపోయాడు జాన్ డేవిడ్ సింక్లెయిర్. తాగడం అలవాటైన ఎలుకకు కొన్నాళ్లు మద్యం ఆపి మళ్లీ ఇస్తే తక్కువ కాదు, మునుపటికన్నా ఎక్కువ తాగుతుందని అతను అంతకుముందే గమనించాడు. పట్టుబట్టి మానేసి మళ్లీ మొదలుపెట్టినవాళ్లను చూసినవాళ్లెవరికీ ఇది వింతగా తోచదు. ఆ కోరికను నిగ్రహంతో కాక మరో దారిలో దెబ్బతీయాలని అతని వాదం. మద్యం మెదడులో ఎండార్ఫిన్లను విడుదల చేసి హాయినిస్తుంది. ఆ హాయి అందకుండా అడ్డుపడితే, తాగుతూ తాగుతూనే ఎలుక ఆ అలవాటును మరిచిపోవాలి.

అలా అడ్డుపడే మందు నాల్ట్రెక్సోన్ అప్పటికే ఉంది, నల్లమందు జాతి మత్తుకు విరుగుడుగా. 1980లో అమెరికాలో కొందరు దాన్ని రీసస్ కోతులకు ఇస్తే, మీట నొక్కి ఆల్కహాల్ ఎక్కించుకోవడం తగ్గించాయి. ఫిలడెల్ఫియాలో జోసెఫ్ వోల్పిసెల్లి ఎలుకలకు కరెంటు షాకులిచ్చాడు. అవి షాకులు తగులుతున్నప్పుడు కాదు, ఆగిపోయాక ఎక్కువ తాగాయి. నాల్ట్రెక్సోన్ ఇస్తే ఆ పెరుగుదల ఆగింది. తర్వాత అతని బృందమే మద్యానికి బానిసలైన 70 మంది మాజీ సైనికుల మీద 12 వారాలు పరీక్షించి, 1992లో ఫలితాలు ప్రచురించింది. మందు వేసుకున్నవారిలో 23 శాతం మంది పాత స్థితికి జారిపోతే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 54 శాతం మంది జారిపోయారు. 1994లో అమెరికా అనుమతి వచ్చింది.

ఎలుక చెప్పిందల్లా మనిషికి పనిచేయలేదు. మెదడులో ఒత్తిడి సంకేతాన్ని ఆపే మందులు ఎలుకల్లో తాగుడును చక్కగా తగ్గించాయి. 2010ల మధ్యలో మనుషులకిచ్చి చూస్తే తాగాలన్న తహతహ అలాగే ఉంది.

ఇప్పుడు వంతు మధుమేహానికీ బరువు తగ్గడానికీ వాడే సెమాగ్లుటైడ్‌ది. 2023లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఎలిసబెట్ యెర్లాగ్ బృందం ఎలుకలకు ఇస్తే వాటి తాగుడు దాదాపు సగానికి పడింది. దీని పాత తరం మందులను కరీబియన్‌లోని సెయింట్ కిట్స్ దీవిలోని కోతుల మీద ముందే పరీక్షించారు. టూరిస్టుల గ్లాసులు ఖాళీ చేస్తాయని పేరుపడ్డ కోతులవి! 2025లో అమెరికాలో 48 మందితో జరిగిన చిన్న పరీక్షలో తాగాలన్న కోరిక తగ్గింది. తాగిన రోజుల సంఖ్య మాత్రం తగ్గలేదు. తగ్గింది, తాగిన రోజున తాగిన మోతాదు.